ఋతువును అనుసరించే పెరటి తోట

పెరటి తోటను ఉత్సాహంతో ప్రారంభించి, ఏడాది తిరగకముందే విడిచిపెట్టే కుటుంబాలు అనేకం. నేల మంచిది కాదనో, చీడపీడలను తట్టుకోలేకపోయామనో వారు కారణం చెబుతారు. అనేక సందర్భాలలో అసలు కారణం విత్తిన కాలంలో ఉంటుంది. మార్చి నెలలో నాటిన టమాట నారు ఏప్రిల్ చివరికి పూతకు వస్తుంది. అప్పటికి పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడవు. ఆ వేడికి పుప్పొడి శక్తి తగ్గి, పిందె కట్టకుండానే పూత రాలిపోతుంది. దీనిని ఎరువు లోపంగా భావించి యూరియా వేస్తే మొక్క ఆకు మీదకు పోతుంది. లేత ఆకును వెదుక్కుంటూ పేనుబంక, తెల్లదోమ చేరుతాయి. వాటిపై పురుగుమందు చల్లితే తేనెటీగలూ దూరమవుతాయి. విత్తే సమయంలో జరిగిన ఒక్క పొరపాటు ఇన్ని మలుపులు తిరిగి చివరకు కుటుంబం తినే కూరలోకి మందు అవశేషాలుగా చేరుతుంది. అందువలన ప్రకృతికి అనుగుణమైన సాగులో రసాయనాలను మానివేయడం రెండవ మెట్టు మాత్రమే. కాలానికి తగిన మొక్కను ఎంచుకోవడం మొదటి మెట్టు.

పగటి నిడివి, రాత్రి చీకటి

ఋతువును మొక్క ఏ విధంగా గుర్తిస్తుందో తెలుసుకొనుటకు పందిరి చిక్కుడు మంచి ఉదాహరణ. సంప్రదాయ చిక్కుడు రకాలు తక్కువ పగటి కాలాన్ని కోరుతాయి. ఆషాఢంలో విత్తిన తీగ, శ్రావణంలో విత్తిన తీగ ఇంచుమించు ఒకే కాలంలో, అనగా పగలు తగ్గి రాత్రి పెరిగే రోజులలోనే పూతకు వస్తాయి. ముందుగా విత్తినందువలన కాపు ముందుగా రాదు. తీగ మాత్రం బలంగా పాకి, పందిరి నిండి, తరువాత ఎక్కువ కాయలనిస్తుంది. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకులో పరమాన్నం నివేదించే ఆచారం ఈ పంట కాలానికి సరిగ్గా సరిపోతుంది. మాఘమాసానికి ప్రతి పందిరిపైనా కాయ ఉంటుంది కదా.

మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటి నిడివిని. వీధి దీపపు వెలుగు రాత్రంతా పడే చోట పందిరి వేసినప్పుడు తీగ ఏపుగా పెరిగి కూడా పూత ఆలస్యం కావడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఏడాది పొడవునా చిక్కుడు కావలెనంటే పగటి నిడివితో సంబంధం లేని అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడు రకాలను ఎంచుకోవాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వీటిని రూపొందించింది. పందిరి అవసరం లేనందున మిద్దెపై కుండీలకు కూడా ఇవి అనువైనవి.

గోంగూరకూ ఇదే స్వభావం ఉంది. తెలంగాణలో పుంటికూరగా పిలిచే ఈ మొక్కను వేసవి చివర లేదా తొలకరిలో విత్తితే చాలాకాలం ఆకు కోసుకోవచ్చు. వానాకాలం వెళ్ళిన తరువాత విత్తితే మొక్క గిడసగా ఉన్నప్పుడే మొగ్గ తొడుగుతుంది. అప్పుడు ఎంత ఎరువు వేసినా ఆకు పెరగదు.

మిగిలిన పంటల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బెండ, గోరుచిక్కుడు, దోస, తోటకూర, బచ్చలి వేసవి వేడిని ఓర్చుకుంటాయి. బీర, కాకర, పొట్ల, సొర వంటి పందిరి జాతులకు తొలకరి మంచి అదను. టమాట, మెంతికూర, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ చలికాలపు పంటలు. వేసవిలో కొత్తిమీర రెండు మూడు ఆకులు వేసి వెంటనే పూతకు పోవడం చాలామంది గమనించినదే. అది విత్తనం దోషం కాదు.

ఎంత ఆశించవచ్చు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక వ్యక్తికి రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు అవసరం. ఐదుగురున్న ఇంటికి ఇది రోజుకు 2 కిలోలు, ఏడాదికి 730 కిలోలు. దీనిని సంవత్సరమంతా తీర్చడానికి సాధారణంగా 5 సెంట్ల స్థలం, అంటే సుమారు 200 చదరపు మీటర్లు కావాలని చెబుతారు. పట్టణాలలో ఇంత పెరడు ఉన్నవారు అరుదు. కనుక నాలుగు మడులు, పది కుండీలు ఉన్నవారు టమాట, ఉల్లి, బంగాళాదుంప వంటి వాటిని అంగడికే వదలి, ఉన్న స్థలాన్ని ఆకుకూరలకు కేటాయించడం వివేకం. కోసిన తరువాత ఆకుకూరలు త్వరగా వాడిపోతాయి. వాటిలోని విటమిన్ సి కూడా త్వరగా తగ్గుతుంది. పెరటి నుండి పొయ్యి వరకు ఉన్న పది అడుగుల దూరం వీటికి ఇచ్చే మేలు మరే పంటకూ ఇవ్వదు. పైగా తోటకూర విత్తిన 25 నుండి 30 రోజులలో కోతకు వస్తుంది.

విత్తకుండానే మొలిచే ఆకుకూరలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొన్నగంటి, గంగవాయిలు, తుమ్మికూర మొదలైన వాటిని కలుపుగా భావించి పీకివేయడం ఇటీవలి అలవాటు. తెలంగాణలో వినాయక చవితి నాడు తుమ్మికూర వండుకోవడం ఇంకా నిలిచి ఉంది. అయితే మొక్కను నిశ్చయంగా గుర్తించగల పెద్దలను అడగకుండా ఏ అడవి ఆకునూ వండరాదు.

స్థిరమైన మొక్కలు, నేల

ఋతువుతో పాటు మారే మడులకు తోడు, ఏళ్ళ తరబడి నిలిచే మొక్కలు తోటకు వెన్నెముక వంటివి. కరివేపాకు, మునగ, అవిసె, దొండ, తీగ బచ్చలి ఒకసారి కుదురుకుంటే తక్కువ శ్రమతో ఆకు, కాయ ఇస్తాయి. దొండను కొమ్మ ముక్కల ద్వారానే నాటాలి. దీనిలో మగ, ఆడ మొక్కలు వేరువేరు కనుక బాగా కాసే తీగ నుండే ముక్కలు తీసుకోవాలి. వానాకాలంలో గొంగళి పురుగులు గుంపుగా పట్టాయని మునగను మొదలంటా కొట్టివేసే వారున్నారు. ఇది తొందరపాటు. పురుగులు పగటి వేళ కాండంపై ఒకేచోట చేరి ఉంటాయి గనుక పొడవాటి కర్రకు కట్టిన కాగడాతో జాగ్రత్తగా కాల్చివేయవచ్చు. ఏటా కాపు అయిన తరువాత కొమ్మలు కత్తిరిస్తే చెట్టు చేతికి అందే ఎత్తులో ఉంటుంది.

స్నానాల గది నీరు పారే చోట అరటి, చామ నాటడం మన పెరళ్ళలో పాత పద్ధతి. ఆ నీటిని పచ్చిగా తినే ఆకులకు, దుంపలకు పెట్టరాదు.

రాలిన ఆకును తగులబెట్టడమంటే కొనుక్కోవలసిన ఎరువును పొగగా పంపడమే. ఎండుటాకును మొక్కల మొదళ్ళలో నాలుగు అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, నేల వేడెక్కదు, అడుగున వానపాములు చేరుతాయి. ఆకు కాండానికి తగలకుండా కొంత ఎడం వదలాలి; లేనిచో మొదలు కుళ్ళుతుంది. మడి ఖాళీ అయినప్పుడు బొబ్బర్లు, పెసలు వంటి పప్పుజాతి గింజలు చల్లడం మేలు. వీటి వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. బుడిపెను కోసి చూసినప్పుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే అది చురుకుగా పని చేస్తున్నట్లు గుర్తు.

పువ్వు, పురుగు

సొర, బీర, గుమ్మడి తీగలలో మగ పూలు, ఆడ పూలు ఒకే తీగపై వేరువేరుగా పూస్తాయి. మొదట వచ్చేవి ఎక్కువగా మగ పూలే. అవి రాలడం సహజం. ఆడ పువ్వు అడుగున చిన్న పిందె ఉంటుంది. ఆ పిందె పసుపు పచ్చబడి రాలితేనే పరాగ సంపర్కం జరగలేదని భావించాలి. సొర, బీర పూలు సాయంకాలం విచ్చుతాయి, గుమ్మడి పూలు తెల్లవారుజామున. కీటకాలు రాని మిద్దె తోటలలో ఆయా వేళలకే మగ పువ్వును కోసి ఆడ పువ్వు మధ్య భాగానికి తాకించాలి. నత్రజని మితిమీరితే మగ పూల సంఖ్య పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పురుగుల విషయంలో పేరు వలన కలిగే ఒక అయోమయం ఉంది. వంగ ఆకులపై కనిపించే చుక్కల పురుగును, పేనుబంకను తిని రైతుకు మేలు చేసే చుక్కల పురుగును కూడా అక్షింతల పురుగు అనే అంటారు. మొదటిది మందమైన రంగుతో, సన్నని నూగుతో, 28 చుక్కలతో ఉంటుంది. ఆకు పచ్చదనాన్ని గీకి తిని జల్లెడ చేస్తుంది. రెండవది నునుపుగా మెరుస్తుంది. రెండింటినీ నలిపివేసిన తోటలో పేనుబంక విజృంభించడంలో ఆశ్చర్యం లేదు. వంగలో వాడి వేలాడిన కొమ్మ చివరలు తొలిచే పురుగుకు గుర్తు. వాటిని వెంటనే కత్తిరించి నాశనం చేయాలి. అప్పటికీ రసం పీల్చే పురుగులు అదుపు కాకపోతే, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలం పిచికారీ చేయాలి.

విత్తనం, చేదు

టమాట, చిక్కుడు, బొబ్బర్ల వంటి స్వపరాగ సంపర్క మొక్కల విత్తనాన్ని ఇంట్లోనే తీసి వాడుకోవచ్చు. సంకర రకాల గింజ నాటితే తల్లి గుణం నిలవదు. సొర, బీర విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇవి పరపరాగ సంపర్కం చెందుతాయి; దగ్గరలో ఉన్న అడవి, చేదు జాతి తీగల పుప్పొడి చేరినా ఈ ఏటి కాయ మామూలుగానే ఉంటుంది. ఆ గింజ నుండి మరుసటి ఏడు వచ్చిన తీగ చేదు కాయలు కాయవచ్చు. ఈ చేదుకు కారణమైన కుకుర్బిటసిన్లు వండినా పూర్తిగా పోవు; వాంతులు, విరేచనాలు, తీవ్రమైతే రక్తస్రావం కలిగిస్తాయి. చేదు సొరకాయ రసం తాగరాదని భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం హెచ్చరించింది.

విత్తనానికి ఉంచదలచిన సొర ఆడ మొగ్గను, అదే రకం మగ మొగ్గను విచ్చుకోకముందే మధ్యాహ్నం దారంతో కట్టి, సాయంకాలం విప్పి పుప్పొడి తాకించి, ఆడ పువ్వును మళ్ళీ కట్టాలి. ప్రతి సొరకాయను, బీరకాయను కోసిన వెంటనే చిన్న ముక్కను నాలుక కొనకు తాకించి చూసి, చేదుగా ఉంటే ఉమ్మివేయాలి. అట్టి తీగను గింజ ముదరకముందే వేరుతో పీకి కంపోస్టు గుంతలో వేయాలి.