‘తెలుపే కదా’ అని వూరుకోకండి

మన ఆడవాళ్ళం నలుగురం కూర్చుంటే కూరల ధరల దగ్గర్నుంచి పిల్లల మార్కులదాకా అన్నీ మాట్లాడుకుంటాం. నడుం కింది బాధలు మాత్రం ఎవరికీ చెప్పుకోం. "వేడి చేసింది" అని ఓ మాట అనేసి, సబ్జాగింజలు నానబెట్టుకుని తాగి వూరుకుంటాం.

మా పక్కవాటా వదిన అలాగే ఎనిమిది నెలలు వూరుకుంది. పసుపుపచ్చగా నురుగులాంటి తెలుపు, చెడు వాసన, దురద. బార్లీనీళ్ళు, మజ్జిగ, సగ్గుబియ్యం జావ అన్నీ అయ్యాయి. చివరికి నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మందులు వాడితే తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. "మీవారు కూడా వాడారా?" అని డాక్టరమ్మ అడిగితే వదిన తలొంచుకుంది. ఆయన "నాకేం జబ్బు లేదు, నేనెందుకు మింగాలి?" అన్నారట. ఆరోజు దారిలో "నేనేం తప్పు చేశాను?" అని ఆవిడ ఏడుస్తుంటే నా దగ్గర సమాధానం లేదు. తర్వాత డాక్టరమ్మనడిగి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఎలా వస్తాయి?

మన పెద్దలు సుఖవ్యాధులు అనేవాళ్ళు. జబ్బు వున్నవారితో కలిస్తే ఇవి అంటుకుంటాయి. ఎయిడ్స్‌కు కారణమైన ఎచ్.ఐ.వి., కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి, సవాయి రక్తం ద్వారా కూడా వస్తాయి. తల్లినుంచి బిడ్డకూ సోకవచ్చు. కలిసి భోంచేస్తేనో, ఒకే బాత్‌రూమ్ వాడితేనో ఎచ్.ఐ.వి. రాదు.

ఇవి అరుదైన జబ్బులేమీ కావు. సవాయి, సెగ, క్లమీడియా, ట్రైకోమొనాస్ ఈ నాలుగే 2020లో ప్రపంచం మొత్తమ్మీద 37 కోట్లకు పైగా కొత్తగా వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఏ తెలుపు మంచిది కాదు?

నెలసరి మధ్యలో వాసన లేకుండా, పల్చగా, జిగురుగా తెలుపు అవడం మామూలే. పెరుగు విరుగులా తెల్లగా వుండి విపరీతమైన దురద వుంటే అది ఫంగస్ కావచ్చు. షుగరున్నవారికి, గర్భిణులకు, యాంటీబయాటిక్స్ వాడినవారికి ఎక్కువగా వస్తుంది. ఇది సుఖవ్యాధి కాదు. రంగు మారినా, దుర్వాసన వచ్చినా, కలిసినప్పుడు నొప్పి, రక్తం కనబడినా, పొత్తికడుపులో నొప్పితో జ్వరం వచ్చినా చూపించుకోవాలి.

సవాయి పుండు నొప్పి పుట్టదు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. పోయిందనుకుంటాం, కానీ జబ్బు లోపలే వుంటుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్ళలో మచ్చలు రావచ్చు. ఏళ్ళు గడిచాక గుండెనూ మెదడునూ పట్టుకోవచ్చు. గర్భిణికి వుంటే బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదముంది. అందుకే గర్భిణులకు ఆ రక్తపరీక్ష చేస్తారు. పెన్సిలిన్ ఇంజక్షన్‌తో ఇది నయమవుతుంది.

నొప్పితో చిన్న చిన్న పొక్కులొచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుంటే హెర్పిస్ కావచ్చు. పూర్తిగా పోదుగానీ మందులతో అదుపులో వుంటుంది. పులిపిర్లు హెచ్.పి.వి. వల్ల వస్తాయి. ఆ వైరస్‌లోనే మరికొన్ని రకాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం. దానికి టీకా వుంది, ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయిస్తే మంచిది.

సెగ, క్లమీడియా చాలామంది ఆడవాళ్ళలో ఏ లక్షణమూ చూపించవు. లోలోపల గర్భనాళాలు పాడై, పిల్లలు పుట్టకపోవచ్చు. లోకం మాత్రం గొడ్రాలంటుంది.

ఇద్దరికీ వైద్యం

వదిన విషయంలో జరిగిందిదే. ఆమెది ట్రైకోమొనాస్. మగవారిలో అది చాలాసార్లు బయటపడదు. భార్య ఒక్కతే మందు వాడితే భర్తనుంచి మళ్ళీ తిరిగొస్తుంది. ఇద్దరూ ఒకేసారి వాడాలి, డాక్టరు చెప్పేవరకు కలవకూడదు. ఎవరినుంచి ఎప్పుడు వచ్చిందో పరీక్షతో తేలదు. నెలల తరబడి తెలియకుండా కూడా వుండవచ్చట. తగవుకంటే ముందు వైద్యం చేయించుకోండి.

"నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, ఇంక నిరోధ్ ఎందుకు?" అనుకుంటారు చాలామంది. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుందే తప్ప జబ్బుని ఆపదు. అనుమానం వున్నచోట నిరోధే రక్ష. సబ్బుతో, లోషన్లతో లోపల కడగడం మాత్రం మానండి, ఇంకా చెడుతుంది. మందుల షాపువాడిచ్చే బిళ్ళలతో కాలయాపన చెయ్యకండి.

ఎక్కడికి వెళ్ళాలి?

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్కులున్నాయి. పరీక్ష, మందులు ఉచితం. ఎచ్.ఐ.వి. గురించి సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు. 2017 చట్టం ప్రకారం మన అంగీకారం లేకుండా ఆ పరీక్ష చెయ్యకూడదు.

చివరికి వదినగారి ఆయన్ని డాక్టరమ్మే పిలిపించి నెమ్మదిగా చెప్పారు. ఇద్దరూ మందులు వాడారు. తగ్గిపోయింది. ఆయన్ని ఏమైనా అడిగావా అని నేను అడగలేదు. "ఎనిమిది నెలలు ఊరికే బాధపడ్డాను వదినా" అంది ఆవిడ ఒకరోజు చిక్కుళ్ళు ఒలుస్తూ. ఈసారి సబ్జాగింజలు నానబెట్టేముందు ఆ మాట గుర్తు చేసుకోండి.