జీరో ఒక్కటే చూస్తున్నాం

పెట్రోలు బంకులో గన్ను అందుకుంటూనే కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు. మర్యాదకు కాదు, నేరం మోపకముందే ఇచ్చుకునే సంజాయిషీ అది. పెట్రోలు తగ్గిందనిపిస్తే మన అనుమానం ముందుగా వాలేది అతని చేతిమీదే. ఆ అనుమానం పూర్తిగా అన్యాయమని అనలేం. రెండు వందల దగ్గర ఆపి, మాటల్లో పెట్టి, ఐదు వందలు తీసుకునే చేతివాటం లేకపోలేదు. కానీ పెద్ద దొంగతనం జీరో దగ్గర జరగదు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన మోసంలో చిప్పులు దాగింది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బంకుల మెషీన్ల లోపల. మీటరు లీటరు చూపిస్తే ట్యాంకులో పడింది 970 మిల్లీలీటర్లు. సీలు వేసిన మెషీన్ తెరిపించి చిప్పు పెట్టించడం రోజుకూలి కుర్రాడి వల్ల అయ్యే పని కాదు. మరోపక్క చంచల్‌గూడలో జైళ్ల శాఖ బంకు చూడండి. గన్ను పట్టుకునేది ఖైదీలు, అయినా జనం నమ్మి పోయించుకుంటారు. అంటే నమ్మకం ఆ చేతిని బట్టి కాదు, దాని వెనకున్న యాజమాన్యాన్ని బట్టి.

ఆ చేతికి మనం బాకీపడ్డది నమ్మకం ఒక్కటే కాదు. ట్యాంకులోకి పెట్రోలు దిగేకొద్దీ అందులోని ఆవిరి పైకి తన్నుకొస్తుంది. ఆ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది. ఎముక మజ్జను దెబ్బతీసి రక్త క్యాన్సర్‌కు దారితీయగల పదార్థమిది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. బీఎస్-6 పెట్రోలులో ఇది 1 శాతం మించకూడదు కదా, పైగా బంకు ఆరుబయటే కదా అనవచ్చు. మనకైతే ఆ మాట చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ మనం ఉండేది రెండు నిమిషాలు. షిఫ్టంతా ట్యాంకు మూతల మీద వంగి నిలబడేవాడికి చెల్లదు. గన్ను దానంతటదే ఆగిపోయాక కూడా బండి ఊపి "ఇంకొంచెం కొట్టు" అనేవాళ్లు అతని మొహానికి ఇంకొంచెం ఆవిరి పంపుతున్నారు. ఆ ఆవిరిని వెనక్కి లాగి భూగర్భ ట్యాంకుకు చేర్చే గన్నులున్నాయి. ఖర్చు భరించలేమంటారు డీలర్లు. వాళ్ల కమిషన్ నిర్ణయించేది చమురు కంపెనీలే కాబట్టి ఆ బిల్లు కంపెనీల పేరు మీదే రావాలి.

నైపుణ్యం అక్కర్లేని పని, రేపు మనమే పోసుకుంటాం అనేవాళ్లున్నారు. అమెరికాలో ఒరెగాన్ 2023లో ఆ దారికే వచ్చింది. న్యూజెర్సీ మాత్రం సొంతంగా పోసుకోవడంపై 1949 నాటి నిషేధాన్ని ఇంకా వదల్లేదు. మన బంకుల్లో డీజిల్ బండిలో పెట్రోలు పడకుండా కాచుకునేదీ, సుమారు 200 బార్ ఒత్తిడితో సీఎన్‌జీ నింపేదీ ఇతనే. నైపుణ్యం లేదనడానికి కారణం జీతం తక్కువ కావడం తప్ప మరొకటి కనబడదు. ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఈ పనే ఉండదంటారా? అవి వచ్చేదాకా పీల్చే ఆవిరి సంగతి తేలాలి. 5 లీటర్ల కొలపాత్రలో 25 మిల్లీలీటర్ల తేడా ఉందేమో చూడటానికి తనిఖీ అధికారులు వస్తూనే ఉంటారు. సిబ్బంది జీతాల పట్టీ, ఏడాదికోసారి చేయించాల్సిన రక్తపరీక్షల రిపోర్టులు కూడా అదే తనిఖీలో అడగాలి.