పెరటిలో మిరప సంకరము

మిరపకాయ లేని వంట మనకిప్పుడు రుచింపదు గాని, యది మన దేశమున బుట్టినది గాదు. అమెరికాఖండమున జనించిన యీ మొక్కను పోర్చుగీసువారు 16వ శతాబ్దమున మన తీరములకు దెచ్చిరి. అంతకు ముందు మనవారికి కారమనగా ముఖ్యముగా మిరియమే. భక్ష్యభోజ్యములను నోరూరునట్లు వర్ణించిన శ్రీనాథ మహాకవి సయితము మిరపకాయ రుచి యెఱుగడు.

ఈ చిన్నకాయ మా యింట నొక చిక్కు దెచ్చిపెట్టెను. 40 ఏండ్లు కొఱవికారము నూఱిన మా యత్తగారిని, కడుపులోని పుండు కారణముగా, కారము మానవలసినదని వైద్యులు శాసించిరి. ఆమె యేమియు ననలేదు. కాని విస్తరిముందు గూర్చుండి, యెఱ్ఱని పచ్చడివంక నొకమాఱు చూచి మజ్జిగయన్నము గలుపుకొనుచుండ మాకు గష్టముగా నుండెను. “ఆ యెఱుపును ఆ వాసనయు నుండి, కారము లేని కాయ యెక్కడనైన నున్నదా యమ్మా?” అని యొకనాడడిగిరి.

బెంగుళూరు మిరపకు కారము లేదు. కాని దాని దళసరి కండ పండుమిరప పచ్చడికి బనికిరాదు. మా పుట్టినింటి సన్నమిరపకు రంగును వాసనయు గలవు. కారము మాత్రము నిప్పే. ఈ రెంటిని గలిపి చూతమని తలంచితిమి.

మిరపపూవు సాధారణముగా తన పుప్పొడితో దానే ఫలించును. కావున నది విచ్చుటకు ముందే మనము పూనుకొనవలెను. మఱునాడు విచ్చనున్న తెల్లని నిండుమొగ్గను సాయంకాలమున నెంచుకొని, సన్నని పట్టకారుతో ఱేకులను మెల్లగా విప్పి, లోపలి 5, 6 కింజల్కములను వాని పుప్పొడితిత్తులు పగులకమునుపే తీసివేయవలెను. నడుమనున్న కీలమునకు దెబ్బ తగులరాదు. పిదప పలుచని గుడ్డసంచి తొడుగవలెను. ఉదయమున రెండవ మొక్కయందు గ్రొత్తగా విచ్చిన పూవు పుప్పొడిని గీలాగ్రమునకంటించి, మరల సంచి కప్పి, కాడకు రంగుదారము గట్టవలెను. తేనెటీగలు వేఱు పుప్పొడిని దెచ్చి మన పనిని జెఱుపకుండుటకే యీ సంచి. మేము సన్నమిరపపై 11 మొగ్గలకిట్లు చేయగా 3 పిందెలే నిలిచెను.

ఆ కాయలు తల్లిమొక్క కాయలవలెనే యుండును. చూచి నిరాశ పడరాదు. సంకరము గింజలలో దాగియుండును. మఱుసటియేడు ఆ గింజలు నాటగా 6 మొక్కలు కాచెను. కాయలు రెండు జాతులకు నడిమిగా నుండెను. కొఱికి చూడగా, అన్నియు గారమే! అత్తగారు నవ్వి, “పుట్టినింటి కారము, ఊరక పోవునా?” అనిరి. మేము మొక్కలను బెఱికివేయబోతిమి.

బడిలో పాఠములు చెప్పెడి మావారు అడ్డుపడిరి. గ్రెగర్ మెండెలను క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కలను బరీక్షించి 1866లో ప్రకటించిన ధర్మమును వివరించిరి. కారము ప్రబలగుణము, కారము లేకుండుట దుర్బలగుణము. దుర్బలమైనది మొదటితరమున మఱుగుపడునే గాని నశింపదు. ఆ మొక్కలను దమ పుప్పొడితోనే ఫలింపజేసి గింజలు నాటినచో, ఇంచుమించు నాలుగింట నొక మొక్క కారము లేనిదై వచ్చును.

మూడవయేడు 20 మొక్కలు పెంచితిమి. కారము గింజలలో నున్నదని మనమందుము గాని, యది గింజలంటియుండు తెల్లని పొరలో బుట్టును. ఆ పొరను సూదిమొనతో దాకి నాలుకకు సోకించినచో తెలిసిపోవును. పిదప చేతులు సబ్బుతో గడుగుకొనక కన్ను ముట్టరాదు. 20 మొక్కలలో 4 కారము లేనివి. వానిలో రెండు దళసరి కాయలవి, ఒకటి గిడసబారినది, ఒకటి మాత్రము సన్నగా, కెంపువలె నెఱ్ఱగా గాచెను.

వైద్యుల యనుమతి గైకొని, ఆ కాయలతో పచ్చడి నూఱి వడ్డించితిమి. అత్తగారు తొలిముద్ద నోటనుంచుకొని కొంతసేపు మాటాడలేదు. పిదప మావంక జూడకయే రెండవముద్ద కలుపుకొనిరి.

సోదరీమణులారా! ఈ పనికి కావలసినవి నాలుగు కుండీలు, పట్టకారు, దారము, ఓరిమి. కారములేమి యొకమాఱు కుదిరిన పిదప స్థిరముగా నుండును గాని, కాయ పరిమాణాదులు నిలుకడకు వచ్చుటకు మఱికొన్ని తరములు సంచి కప్పియే గింజ తీయవలెను. మేమాపని చేయుచునేయున్నాము. గింజల పొట్లముపై అత్తగారి పేరు వ్రాసితిమి.