డిమెన్షియా తీవ్రత అంచనాలో సంక్షిప్త సంజ్ఞాన పరీక్షలు: కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యం

1. ఉపోద్ఘాతం:

జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష క్రమంగా క్షీణించి దైనందిన జీవనం దెబ్బతినే స్థితిని డిమెన్షియా అంటారు. దీనిని గుర్తించడానికి ఎక్కువగా వాడుతున్న పరీక్ష ‘మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్’. మార్షల్ ఫోల్‌స్టీన్, సుసాన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ 1975లో రూపొందించిన ఈ పరీక్షకు 30 మార్కులు. అల్జీమర్స్ వ్యాధిలో 21-26 మార్కులను స్వల్ప దశగా, 10-20ని మధ్యస్థ దశగా, 10కి లోపు వస్తే తీవ్ర దశగా పరిగణించడం పరిపాటి. ఈ కొలమానం రాయలసీమ వృద్ధులకు యథాతథంగా వర్తిస్తుందా అన్నది పరిశీలించదగిన అంశం.

2. మార్కులపై చదువు ప్రభావం:

2011 జనగణన ప్రకారం అక్షరాస్యత కర్నూలు జిల్లాలో సుమారు 60 శాతం, కడప జిల్లాలో సుమారు 67 శాతం. వృద్ధులలో, ముఖ్యంగా స్త్రీలలో, ఇది ఇంకా తక్కువ. బడి గడప తొక్కని, ఏ జబ్బూ లేని నంద్యాల వృద్ధురాలికి ఈ పరీక్ష పెట్టినట్లు ఊహించవచ్చు. నూరు నుంచి ఏడేసి చొప్పున తీసివేయడానికి 5 మార్కులు, చదవడానికి 1, వాక్యం రాయడానికి 1, పంచభుజాల బొమ్మ గీయడానికి 1. ఈ 8 పోతే మిగిలేవి 22. తిథులతో, కార్తెలతో కాలాన్ని లెక్కించే ఆమె ఇంగ్లీషు తేదీ, నెల, సంవత్సరం చెప్పలేకపోతే 19. జిల్లా పేరు అడిగితే జీవితమంతా చెప్పినట్లే “కర్నూలు” అంటే 18. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంటే వ్యాధి లేకుండానే ఆమె ‘మధ్యస్థ’ దశలోకి చేరుతుంది. దీనికి భిన్నంగా, విశ్రాంత అధ్యాపకుడు ఇంటి లెక్కలు చూసుకోలేని స్థితిలోనూ 27 మార్కులు తెచ్చుకోవచ్చు.

3. భారతీయ అనుసరణలు:

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నంగా 1995లో గంగూలీ బృందం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో హిందీ రూపాన్ని సిద్ధం చేసింది. అందులో వాక్యం రాయడానికి బదులు ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. తీసివేతలకు బదులు వారాల పేర్లను వెనుక నుంచి చెప్పమంటారు. 100 మార్కుల ‘ఆడెన్‌బ్రూక్స్’ పరీక్ష తెలుగు, ఉర్దూ, కన్నడ సహా ఏడు భాషల రూపాలపై 2020లో అధ్యయనం వెలువడింది. తెలుగుతోపాటు ఉర్దూ, ఆదోని వైపు కన్నడ మాట్లాడే ఈ ప్రాంతంలో ఏ భాషలో పరీక్షించాలో ముందే నిర్ణయించుకోవడం అవసరం.

4. ముగింపు:

పరీక్ష అనుమానాన్ని రేకెత్తిస్తుందే తప్ప తీవ్రతను తేల్చదు. చూపు, వినికిడి లోపాలు, కుంగుబాటు కూడా మార్కులను తగ్గిస్తాయి. ‘క్లినికల్ డిమెన్షియా రేటింగ్’ జ్ఞాపకం, స్థలకాల స్పృహ, వివేచన, సామాజిక వ్యవహారాలు, ఇంటిపనులు, స్వీయ సంరక్షణ అనే ఆరు రంగాలను రోగితోనూ, దగ్గరివారితోనూ మాట్లాడి అంచనా వేస్తుంది. వృద్ధురాలు మునుపు చేసిన ఏ పని ఇప్పుడు చేయలేకపోతోంది అన్న ప్రశ్నకు కుటుంబం ఇచ్చే సమాధానం పక్కన ఉన్నప్పుడే మార్కులకు అర్థం ఏర్పడుతుంది.