విమానంలో ల్యాప్‌టాప్‌కు కరెంటు – ప్రయాణికులు తెలుసుకోవలసిన విషయాలు

దేవనహళ్ళిలో 2008 మే 24న అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల కుటుంబాలకు విదేశీ ప్రయాణం ఎంతో చేరువైంది. 2021 జనవరిలో బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య నేరుగా విమానం కూడా నడిచింది. అది పదహారు గంటలు దాటే ప్రయాణం. పైచదువులకు వెళ్ళే విద్యార్థి ల్యాప్‌టాప్‌లోని బ్యాటరీ అంతసేపు నిలవడం కష్టం. కళాశాల ప్రవేశపత్రం, బస చిరునామా మొదలైనవన్నీ అందులోనే ఉంటే చిక్కు మరింత పెద్దది.

ఇంకొక కారణం కూడా ఉన్నది. అమెరికాకు వెళ్ళే విమానాల విషయంలో, కొన్ని విదేశీ విమానాశ్రయాలలో తనిఖీ సిబ్బంది పరికరాలను వెలిగించి చూపమని అడుగవచ్చునని ఆ దేశ రవాణా భద్రతా సంస్థ 2014 జూలైలో ప్రకటించింది. వెలగని పరికరాన్ని విమానంలోనికి అనుమతించబోరని కూడా తెలిపింది. కనుక దారిలో విమానం మారవలసినవారు ఛార్జింగు విషయంలో అజాగ్రత్తగా ఉండరాదు.

సీటు వద్దకు కరెంటు ఎట్లా వస్తుంది?

విమానపు ఇంజన్లకు అమర్చిన జనరేటర్లు విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. చాలా విమానాలలో అది 115 వోల్టులు, సెకనుకు 400 ఆవృత్తుల విద్యుత్తు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు, 50 ఆవృత్తులు. ఆవృత్తులు హెచ్చుగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు చిన్నవిగా, తేలికగా ఉంటాయి. ఆకాశంలో ప్రతి కిలో బరువూ లెక్కే గనుక ఈ ఏర్పాటు. సీట్ల కింద ఉండే ఒక పెట్టె ఆ విద్యుత్తును సాధారణంగా 110 వోల్టులు, 60 ఆవృత్తులకు మార్చి సాకెట్‌కు అందిస్తుంది.

ల్యాప్‌టాప్ అడాప్టరుపై సన్నని అక్షరాలలో ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే దానిని నేరుగా తగిలించవచ్చును. వేరే ట్రాన్స్‌ఫార్మరు గాని స్టెబిలైజరు గాని కొనవలసిన అవసరం లేదు.

వాట్ల లెక్క

1990లలో వచ్చిన తొలి సీటు సాకెట్లు 15 వోల్టులవి. వాటి పరిమితి 75 వాట్లు. ఆనాడు వాటికి ప్రత్యేకమైన తీగ కావలసివచ్చేది. నేడు మామూలు ప్లగ్గే చాలును. అయితే పరిమితి మాత్రం తొలగిపోలేదు. పలు విమానాలలో సీటుకు సుమారు 75 నుండి 100 వాట్ల వరకే లభిస్తుంది.

సాధారణ ల్యాప్‌టాప్ అడాప్టర్లు 45 లేదా 65 వాట్లవి. వాటితో ఇబ్బంది ఉండదు. ఆటల కోసం, భారీ పనుల కోసం తయారైన ల్యాప్‌టాప్‌లకు 130 వాట్లు, అంతకు మించిన అడాప్టర్లు ఉంటాయి. అటువంటివి తగిలిస్తే సాకెట్ తనంతట తాను ఆగిపోవచ్చును. త్రీఫేజ్ కరెంటు రాగానే ఊరిలోని బోరు మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోవడం రైతులకు తెలిసినదే. విమానంలోనూ అదే సూత్రం.

ఖాళీ బ్యాటరీని నింపుతూ, అదే సమయంలో ల్యాప్‌టాప్‌ను వాడితే అత్యధిక విద్యుత్తు ఖర్చవుతుంది. కనుక ఇంటివద్దనే బ్యాటరీని పూర్తిగా నింపుకొని బయలుదేరడం ఉత్తమం. సాకెట్ ఆగిపోతే ప్లగ్గు తీసి, ల్యాప్‌టాప్‌ను ఆపివేసి, కొంతసేపటి తరువాత మరల తగిలించాలి. తెర వెలుతురు తగ్గించుకున్నా కొంత మేలు.

ప్లగ్గు, యూఎస్‌బీ

సీటు సాకెట్లు పలు దేశాల ప్లగ్గులకు అనువుగా ఉంటాయి. కాని మన మూడు గుండ్రని పిన్నుల ప్లగ్గు అన్నింటిలోనూ పట్టదు. అమెరికా పద్ధతి చదునైన పిన్నులకు మార్చే కన్వర్టరును ముందుగానే కొని చేతిసంచిలో ఉంచుకోవాలి. కొన్ని సాకెట్లలో రెండు పిన్నులూ ఒకేసారి దిగితేనే కరెంటు వస్తుంది. పిల్లలు ఏదైనా గుచ్చినా ప్రమాదం కలగకుండా ఉండుటకే ఈ ఏర్పాటు. కనుక ప్లగ్గును తిన్నగా, గట్టిగా నొక్కాలి.

పాత తరహా చదునైన యూఎస్‌బీ రంధ్రం నుండి వచ్చేది సుమారు పది వాట్లే. అది ఫోనుకు సరిపోతుంది, ల్యాప్‌టాప్‌కు చాలదు. కొన్ని కొత్త విమానాలలోని టైప్-సీ రంధ్రాలు ల్యాప్‌టాప్‌కు కూడా ఉపయోగపడతాయి. చిన్న విమానాలలో అసలు సాకెట్లే లేకపోవచ్చును. టికెట్టు తీసుకొనేటప్పుడే విచారించుకోవడం మంచిది.

పవర్ బ్యాంకుతో జాగ్రత్త

పవర్ బ్యాంకును లగేజీ పెట్టెలో వేయరాదు, చేతిసంచిలోనే ఉంచాలి. 100 వాట్-అవర్ల వరకు సాధారణంగా అనుమతి ఉంటుంది. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అంగీకారం కావాలి. 20,000 మిల్లీ ఆంపియర్-అవర్లను 3.7 వోల్టులతో గుణించి వేయితో భాగిస్తే 74 వాట్-అవర్లు వస్తాయి. అయితే వెంట తీసుకువెళ్ళడం వేరు, వాడడం వేరు. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుండి తన విమానాలలో పవర్ బ్యాంకు వాడకాన్ని నిషేధించింది.

ల్యాప్‌టాప్ గాని ఫోను గాని విపరీతంగా వేడెక్కినా, ఉబ్బినా, పొగ వచ్చినా దాచిపెట్టక వెంటనే సిబ్బందిని పిలవాలి. ఫోను సీటు సందులో పడితే సీటును కదిలించరాదు. అది నలిగి నిప్పు పుట్టే ప్రమాదమున్నది.

సాకెట్ ఉన్నా అది పనిచేయకపోవచ్చును. అందుచేత ప్రవేశపత్రం, చిరునామా, ఫోను నంబర్లు కాగితంపై ముద్రించి పాస్‌పోర్టుతో పాటు ఉంచి బిడ్డను సాగనంపడం పెద్దల బాధ్యత. కాగితానికి కరెంటు అక్కరలేదు.