కీర్తన పుస్తకం నుంచి కేసెట్ దాకా

గోదావరి డెల్టా పేటల్లో యాభై అరవై యేళ్ళు దాటినవాళ్ళను కూర్చోబెట్టి, 1980–90 మధ్య వచ్చిన క్రైస్తవ కేసెట్లలో మీకు బాగా నచ్చినవి ఏవని అడిగి చూడండి. పాట వెంటనే అందుకుంటారు. పాడిన గొంతు బాలసుబ్రహ్మణ్యానిదో, సుశీలదో, జానకిదో చెబుతారు. అట్టమీది బొమ్మ కూడా గుర్తు చేసుకుంటారు. ఆ పాట రాసిందెవరని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. అంతకు ముందు తరంవాళ్ళు ఇలా ఆగేవాళ్ళు కారు. “అది చౌదరిగారి కీర్తన” అని, పాటను రచయిత పేరుతోనే చెప్పేవాళ్ళు. ఈ తేడా ఎలా వచ్చింది? పాట పుస్తకం వదిలి కేసెట్లోకి ఎక్కిన ఆ పదేళ్ళలో రాసే మనిషికీ, పాడే మనిషికీ, వినే మనిషికీ మధ్య సంబంధం ఎలా మారింది? ఇది భక్తుల ప్రశ్న మాత్రమే కాదు. కలం పట్టిన ప్రతివాడి ప్రశ్న.

మత గీతాలతో అభ్యుదయ విమర్శకు పనేమిటని కొందరు అడగవచ్చు. అన్నమయ్య పదాలనూ రామదాసు కీర్తనలనూ సాహిత్యంగా చదవడానికి మనకు భక్తి అడ్డు రాలేదు. వాటిలోని భాషనూ, నాటి సమాజాన్నీ పరిశీలించాం. అలాగే గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కాబట్టి క్రైస్తవ వస్తువు కూడా మన విమర్శకు అంటరానిది కాదు. అయితే జాషువా రాసింది పద్యకావ్యం. పండితుడు ఒప్పుకోక తప్పని రూపం. పేటలో కూలి పనికి పోయి వచ్చి, సాయంత్రం గుడిలో హార్మోనియం ముందు కూర్చుని జనం పాడుకున్న పాట దగ్గరికి వచ్చేసరికి విమర్శ మౌనం పాటించింది. ఆ మౌనానికి కారణం మతమా, కులమా అన్నది మనం నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న.

ఈ పాటకు పూర్వరంగం పొడుగైనదే. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు తెలుగు తీరానికి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వాళ్ళు మొదలుపెట్టిన పనే తరవాత గోదావరి డెల్టా మిషనుగా పేరు పొందింది. 1845లో రాజమండ్రిలో లూథరన్ల పని మొదలయింది. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో అడుగుపెట్టారు. ఈ మధ్యలోనే, 1847–52 సంవత్సరాల్లో, ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. మట్టి మోసిన చేతులు మాల మాదిగలవీ, తక్కిన పేద కులాలవీ. నీళ్ళు పారిన పొలం వాళ్ళది కాలేదు. బడి, గుడి, పలక, పుస్తకం మాత్రం మిషన్ల ద్వారా పేటకు చేరాయి. ఆ పుస్తకాల్లో జనం నోట ఎక్కువగా నానింది పాటల పుస్తకమే.

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అన్న ఆ సంకలనం లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. దానిలో అందరికన్న పెద్ద పేరు పురుషోత్తమ చౌదరిది (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందినవాడాయన. తాను నేర్చిన సంగీత సాహిత్య సంప్రదాయాన్ని వదిలిపెట్టకుండానే కొత్త వస్తువును దానిలో పోశాడు. పాట పైన రాగం పేరు, తాళం పేరు. లోపల పల్లవి, అనుపల్లవి, చరణాలు. కింద రచయిత పేరు. ముఖారి, మోహన, ఆనందభైరవి వంటి రాగాల పేర్లు, అగ్రహారం గడప తొక్కనివ్వని మనుషుల చేతి పుస్తకంలో అచ్చయినాయి. ఇది చిన్న విషయం కాదు.

ఐతే ఆ భాష పేట భాష కాదు. సంధులు, సమాసాలు, గ్రాంథిక క్రియలు నిండిన భాష. అర్థం కాని మాటలను కూడా జనం భక్తిగా మోశారు. మరి అది వాళ్ళ పాట ఎలా అయింది? పాడే పద్ధతి వల్ల అయింది. ఉపదేశి ఒక చరణం చెబుతాడు, జనం అందుకుంటారు. చదువు రానివాళ్ళు విని నేర్చుకుంటారు, వచ్చినవాళ్ళు వేలు పెట్టి చదువుకుంటారు. రాగం పుస్తకంలో వున్నట్టు వుండదు. నోటినుంచి నోటికి మారుతూ నాట్లపాటకూ, పడవపాటకూ దగ్గరగా జరుగుతుంది. కీర్తనలోని “నేను” ఒక పాపి పశ్చాత్తాపం కావచ్చు. కాని వందమంది కలిసి పాడినప్పుడు ఆ “నేను” దానంతటదే “మేము” అవుతుంది. సమూహగానం సాధించే పని ఇదే.

ఈ వరసలో పేట భాషకు ఇంకొంచెం దగ్గరగా వచ్చినవాళ్ళున్నారు. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు (మరణం 1960) అనుచరులకు ప్రవచనాలతోపాటు పాటలనూ ఇచ్చాడు. బాప్టిస్టు బోధకుడు ఎ.బి. మాసిలామణి (1914–1990) తన నావను నడిపించమని దేవుణ్ణి వేడుకునే పాట రాశాడు. బైబిల్లోని గలిలయ సముద్రాన్ని ఆ పాటలో గోదావరి పాయల మనిషి తన నీళ్ళుగానే గుర్తుపడతాడు. మాటలు తేలిక. వరస ఎవరి గొంతుకైనా అందుతుంది. కేసెట్ రాకముందే పాట వ్యవహార భాషవైపు నడక మొదలుపెట్టిందని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మలుపు 1978లో వచ్చింది. ఆ యేడు విడుదలైన ‘కరుణామయుడు’ సినిమాలో, యేసు సిలువ మోసుకు నడిచే ఘట్టానికి నాటక రచయిత మోదుకూరి జాన్సన్ రాసిన పాటను బాలసుబ్రహ్మణ్యం పాడాడు. సంగీతం సమకూర్చినవారిలో ఒకరైన బి. గోపాలం ప్రజానాట్యమండలిలోంచి సినిమాకు వెళ్ళినవాడు. ఆ పాటలోని ప్రధాన ప్రతీకను చూడండి: కదిలే రథం, దానితో మారే యుగం. జగన్నాథుని రథచక్రాలను భూమార్గం పట్టించిన శ్రీశ్రీ తరవాత, రథం తెలుగు పాటలో గుడి ఉత్సవానికి మాత్రమే చెందిన వస్తువు కాకుండా పోయింది. అభ్యుదయ కవిత్వం వాడుకలోకి తెచ్చిన ప్రతీక తిరిగి భక్తిపాటలోకి వెళ్ళి, ఆ పాటకు కొత్త బలం ఇచ్చింది. రెండు సంప్రదాయాలకు సంబంధం లేదనుకునేవాళ్ళు ఈ పాట ముందు కాసేపు ఆగాలి. సినిమా కాబట్టి జాన్సన్ పేరు కూడా నిలిచింది.

ఇక కేసెట్. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ చిన్న పెట్టె మన పల్లెకు చేరడానికి పదిహేనేళ్ళు పైగా పట్టింది. గ్రాంఫోను రికార్డు తయారీకి పెద్ద ఫ్యాక్టరీ కావాలి. అందువల్ల ఏ పాట రికార్డు కావాలో నిర్ణయించే అధికారం ఒకటి రెండు కంపెనీల చేతిలో వుండేది. కేసెట్‌కు ఆ బెడద లేదు. స్టూడియోను గంటల లెక్కన అద్దెకు తీసుకుని ఒక మాతృక తయారు చేసుకుంటే, కాపీలు ఎక్కడైనా తీయించుకోవచ్చు. రెండు కేసెట్లు పట్టే టేప్ రికార్డరు ఇంట్లో వుంటే కొనకుండానే కాపీ దిగుతుంది. కోనసీమనుంచీ, పడమటి డెల్టానుంచీ గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు తెచ్చిన టూ–ఇన్–వన్‌లు ఈ పాటను తాటాకు ఇంట్లోకి కూడా చేర్చాయి.

సాంకేతిక సాధనం రూపాన్ని శాసిస్తుందనడానికి కేసెట్ మంచి నిదర్శనం. అరవై నిమిషాల కేసెట్‌కు ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. ఒక్కో పాట ఐదారు నిమిషాలు. అంటే మొత్తం పది పన్నెండు పాటలు. వందల పాటలున్న కీర్తన పుస్తకంలో జననం, శ్రమలు, పునరుత్థానం, పెళ్ళి, చావు – బతుకంతటికీ సరిపడా పాటలుండేవి. కేసెట్‌కు పది పాటలు చాలు, పదీ వెంటనే పట్టుకోవాలి. అందువల్ల సినిమా పాట పద్ధతి వచ్చింది: మొదట వాద్య సంగీతం, పల్లవి, మళ్ళీ వాద్య సంగీతం, రెండు మూడు చరణాలు. రాగం పేరు పోయి ట్యూను మిగిలింది.

దీనివల్ల కలిగిన మేలును తక్కువ చేయకూడదు. కీర్తన పుస్తకంలోకి ఎక్కాలంటే సంఘాల పెద్దల కమిటీ దాటాలి. వ్యాకరణం తెలిసినవాళ్ళ ఆమోదం కావాలి. కేసెట్‌కు ఎవరి ఆమోదమూ అక్కరలేదు. చిన్న సంఘం పాస్టరు, బడిపంతులు, చదువు మానేసి పాట పట్టుకున్న కుర్రాడు – తమ పాటను తమ మాటల్లో రాసుకుని సువార్త సభల్లో అమ్ముకోగలిగారు. “వందనములు”, “బ్రోవుము” వంటి మాటల పక్కన ఇంట్లో అమ్మతో మాట్లాడే మాటలు వచ్చి నిలిచాయి. వ్యవహార భాషకోసం గిడుగువారు పోరాడింది బడిలోనూ గ్రంథంలోనూ. పేట గుడిలో ఆ పోరాటాన్ని చాలావరకు గెలిపించింది కేసెట్.

నష్టం కూడా అదే చోట వుంది. మొదటిది, గొంతు. పేరున్న సినిమా గాయకులు స్టూడియోలో పాడిన స్థాయి, వాద్యబృందం సందడి పేట గుడిలోని జనానికి అందవు. పాటను పాడే సంఘం పాటను వినే సంఘంగా మారడం మొదలయింది. ఒక్క గాయకుడు పాడిన “నేను” అతని “నేను”గానే వుండిపోయింది. రెండవది, పేరు. అట్టమీద గాయకుడి పేరు పెద్దది, సంఘం పేరు ఇంకా పెద్దది, రచయిత పేరు సందున ఇరికించిన చిన్న అక్షరాలు. కాపీ చేసిన కేసెట్‌కు అట్టే వుండదు. దానిమీద పెన్నుతో “యేసు పాటలు” అని రాస్తారు. అక్కడితో రచయిత చరిత్రలోంచి జారిపోయాడు. కంపెనీ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టిన సాధనమే రచయితను అనామకుణ్ణి చేసింది. జానపద గేయానికి కర్త లేకపోవడం వేరు. నిన్న మొన్న, మన పక్క పేటలో, కాగితం మీద రాసిన మనిషి పేరు చెరిగిపోవడం వేరు.

మూడవది, వస్తువు. 1985 జులైలో కారంచేడు హత్యాకాండ జరిగింది. 1986 ఆగస్టులో గోదావరి వరద డెల్టాను ముంచింది. ఇదే సాధనంతో, ఇదే దశాబ్దంలో, గద్దరూ జననాట్యమండలీ ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ చెప్పే పాటలను నలుమూలలకూ పంపారు. నేను విన్న క్రైస్తవ కేసెట్లలో తుఫాను వుంది, నావ వుంది, ఒడ్డు వుంది, కన్నీరు వుంది. కాని ఏ ఊరి తుఫానో, ఎవరు పెట్టించిన కన్నీరో లేదు. ఈ లోపాన్ని చూపి వాటిని తోసెయ్యడం సులువు. అయితే ఆలోచించవలసింది ఇంకొకటి వుంది. భూస్వామి పొలంలో పనిచేస్తూ, అతని ఇంటికి వినబడేలా మైకు పెట్టుకునే మనిషి, తన బాధను ఊరి పేరు లేకుండానే పాడుకోవడంలో లొంగుబాటు వున్నట్టే జాగ్రత్త కూడా వుంది. పాట కప్పి చెప్పినదాన్ని విప్పి చూపడం విమర్శకుడి పని.

కాబట్టి ఆ దశాబ్దపు కేసెట్లలో మంచివి ఏవి అన్న ప్రశ్నకు అమ్మకాలు కొలబద్ద కావు. మూడు పరీక్షలు పెట్టి చూద్దాం. యంత్రం ఆపేశాక ఆ పాటను పదిమంది కలిసి పాడగలరా? ఆ పాటలోని మాటలు ఎవరి బతుకులోంచి వచ్చాయి? దాన్ని రాసిన మనిషి పేరు మనం చెప్పగలమా? జాన్సన్ పాట ఈ మూడింటికీ నిలబడుతుంది. రెండు పరీక్షలు నెగ్గి మూడోదాంట్లో తప్పిన పాటలు డెల్టాలో ఎన్నో వున్నాయి. ఆ తప్పు పాటది కాదు.

నేడు కేసెట్ పోయింది. పాట ఫోనులో వుంది. పాత టేపు మీది పూత ప్రతి వానాకాలానికీ కొంత రాలుతోంది, చెమ్మకు బూజు పడుతోంది. ఆ పాటలు రాసినవాళ్ళలో కొందరు వెళ్ళిపోయారు, తక్కినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. పరిశోధనకు వస్తువు లేదని వాపోయే విద్యార్థులు తమ ఊరి పేటకు వెళ్ళి, అటకమీది పెట్టె దింపించి, అట్టమీది చిన్న అక్షరాలు చదవాలి. అట్ట లేని కేసెట్ దొరికితే, అది ఎవరి పాటని ఇంటింటా అడగాలి. చెప్పగలిగిన మనిషి ఇంకా ఎక్కడో ఒక అరుగుమీద కూర్చునే వున్నాడు. అతను వుండగానే అడగాలి.