హూడిలో కొమ్మలు వాలిన ఆ చెట్టు ఏది?

కుప్పం నుండి బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్ళే రైలు మార్గంలో వైట్‌ఫీల్డు దాటగానే వచ్చే చిన్న స్టేషను హూడి. ఒకప్పుడు చెరువు, పొలాలు గల పల్లె. నేడు దాని చుట్టూ బహుళ అంతస్తుల నివాస సముదాయాలు, సాఫ్ట్‌వేరు కార్యాలయాలు వెలిశాయి. 2023 మార్చిలో మెట్రో రైలు కూడా వచ్చింది. మన సరిహద్దు పల్లెల వారెందరో ఆ ప్రాంతంలో తోటమాలులుగా, కాపలాదారులుగా, తాపీ పనివారుగా జీవనం సాగిస్తున్నారు. పండుగలకు ఇంటికి వచ్చేటప్పుడు వారు తెచ్చే వాటిలో ఈ మధ్య మొక్కలు, కొమ్మలు కూడా చేరుతున్నాయి.

మా బడిలో చదివే ఒక బాలిక తండ్రి హూడిలోని ఒక నివాస సముదాయంలో తోటపని చేస్తున్నారు. ఆయన తడి గోనెపట్టలో చుట్టి ఒక కొమ్మను తెచ్చి చూపారు. “మా సూపర్‌వైజరు దీన్ని అశోక అంటాడు సార్. ఇంట్లో ఆడోళ్ళేమో అశోక అయితే దాని పట్ట తెమ్మంటా ఉండారు. తేవచ్చా?” అని అడిగారు. అశోక పట్టను స్త్రీల అధిక రక్తస్రావానికి కషాయంగా వాడడం ఆయుర్వేదంలో చిరకాలంగా ఉన్నదే. కనుక ఇది కేవలం పేరు తెలుసుకునే కుతూహలంతో అడిగిన ప్రశ్న కాదు. ఒక ఇంటి ఆడపడుచు కడుపులోకి ఏమి పోబోతున్నదన్న ప్రశ్న. ఆ కొమ్మ అశోక కాదు. అశోకకు దూరపు చుట్టం కూడా కాదు. అది ఆస్ట్రేలియా దేశపు బాటిల్ బ్రష్ చెట్టు.

కొమ్మలు నేలవైపు వాలిన ప్రతి చెట్టునూ అశోక అనడం మనవైపు అలవాటైపోయింది. ఇంగ్లీషువారు ఇటువంటి వాటిని ‘ఏడ్చే చెట్లు’ అంటారు. మన భాషలో చెట్టు ఏడవదు, కొమ్మ వాలుతుంది లేదా వంగుతుంది. నాకు మన మాటే సబబుగా తోస్తుంది. ఏ మాట వాడినా తెలుసుకోవలసిన సంగతి ఒక్కటే. వాలడం అనేది చెట్టు ఆకృతి మాత్రమే. అది జాతి లక్షణం కాదు. ఒకదానితో ఒకటి ఏ బంధుత్వమూ లేని చెట్లు ఈ ఆకృతిని ధరిస్తాయి. పట్టుపురుగులకు మనం ఆకు కోసి వేసే మల్బరీలో సైతం కొమ్మలు గొడుగులా నేలకు వంగే రకం ఉన్నది. విదేశాలలో దానిని కేవలం అందానికి పెంచుతారు. దాని కొమ్మ ఒకటి తెచ్చి పరిస్తే పట్టుపురుగు ఆకును గుర్తుపడుతుంది. మనం మాత్రం చెట్టు వాలును చూసి మరేదో పేరు పెడతాము.

మొదట, చెట్టు నిజంగా వాలు చెట్టా, లేక నీరులేక వాడి వేలాడుతున్నదా అన్నది తేల్చుకోవాలి. తెల్లవారుజామున చూడండి. వాడిన చెట్టులో ఆకు మెత్తబడి, వేలితో లేపితే బట్టపేలికలా తిరిగి పడిపోతుంది. వాలు చెట్టులో కొమ్మ కిందికి ఉన్నా ఆకు బిగువుగా, నిగనిగలాడుతూ ఉంటుంది.

ఇక ఆ హూడి కొమ్మ సంగతి. దాని ఆకు సన్నగా, ఈటె మొనలా, మన గన్నేరు ఆకు కన్న బాగా చిన్నదిగా ఉన్నది. ఒక ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడ్డాయి. అవి నూనె గ్రంథులు. ఆకును నలిపితే నీలగిరి తైలాన్ని తలపించే వాసన వచ్చింది. ఆకు తుంచినచోట పాలు రాలేదు. ఈ మూడు గుర్తులు కలిస్తే మనం జామ, నేరేడు, నీలగిరి, లవంగం చెట్ల కుటుంబం దగ్గరకు వచ్చినట్టే. పిల్లలకు ఈ చుక్కలను జామ ఆకులోనే చూపవచ్చును. పెరటిలో జామచెట్టు ఉన్న ప్రతి ఇంటా ఈ పాఠం ఖర్చు లేకుండా జరుగుతుంది.

పువ్వు కనబడితే సందేహమే ఉండదు. సీసాలు కడిగే బ్రష్షు ఎట్లా ఉంటుందో అచ్చంగా అట్లాగే, పుల్ల చుట్టూ ఎర్రటి కుచ్చు నిలుస్తుంది. ఆ ఎరుపు రేకులది కాదు. రేకులు చాలా చిన్నవి, పచ్చగా ఉండి కంటికి ఆనవు. మనకు కనిపించేవన్నీ కేసరాలు. ‘అందమైన కేసరము’ అన్న అర్థంలోనే గ్రీకు మాటలతో దీనికి కాలిస్టెమన్ అని పేరు పెట్టారు. వాలే రకాన్ని కాలిస్టెమన్ విమినాలిస్ అంటారు. శాస్త్రజ్ఞులు కొందరు దానిని మెలలూకా అనే ప్రజాతిలో చేర్చి మెలలూకా విమినాలిస్ అని కూడా వ్రాస్తారు. రెండు పేర్లూ ఒకే చెట్టువి. తూర్పు ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలలో వాగుల ఒడ్డున ఇది సహజంగా పెరుగుతుంది. బెంగళూరు తోటలలోకి అలంకారం కోసం వచ్చి స్థిరపడింది. పూచినప్పుడు తేనెపిట్టలు, తేనెటీగలు దీనిని వదలవు.

పువ్వు లేని కాలంలో దీనిని పట్టించే గుర్తు మరొకటి ఉన్నది, నాకు అన్నిటికన్న అదే నమ్మకమైనది. సాధారణంగా కొమ్మ చివర గుత్తిగా పూచిన చెట్టులో ఆ పుల్ల ఎదుగుదల అక్కడితో ఆగుతుంది. బాటిల్ బ్రష్‌లో అట్లా కాదు. పూలు రాలిన తరువాత ఆ పుల్ల కొస ముందుకు సాగి మళ్ళీ ఆకులు వేస్తుంది. పూలున్నచోట చిన్న చిన్న చెక్కకాయలు పుల్లను అంటిపెట్టుకుని, పూసలు గుచ్చినట్టు ఏండ్ల తరబడి నిలిచి ఉంటాయి. ఒక కొమ్మను పైనుండి కిందికి చూస్తే ఆకులు, పూసలు, మళ్ళీ ఆకులు, మళ్ళీ పూసలు. లోపలి విత్తనాలు పొడిలా సన్నవి. ఈ పూసల వరుస ఉంటే పూలు లేకపోయినా అనుమానించనక్కర లేదు.

మరి సూపర్‌వైజరు గారి నోట అశోక ఎందుకు వచ్చింది? పాఠశాలల, కార్యాలయాల ప్రహరీల వెంట నిలువు స్తంభాలవలె వరుసగా నిలిచి, కొమ్మలు కాండానికి ఆనుకుని కిందికి జారే పొడవాటి చెట్టును మనమంతా అశోక అంటున్నాము. అదీ అశోక కాదు. దాని అసలు తెలుగు పేరు నరమామిడి. కన్నడంలో కంబద మర, అనగా స్తంభపు చెట్టు. చూడగానే ఒప్పుకోవలసిన పేరు. శాస్త్రీయంగా పాలియాల్థియా లాంగిఫోలియా అనేవారు. 2012లో మోనూన్ అనే ప్రజాతిలోకి మార్చారు. ఇది సీతాఫలం కుటుంబానికి చెందినది. ఆకు పొడవుగా, అంచులు అలలు అలలుగా ఉంటాయి. పువ్వు లేతాకుపచ్చ నక్షత్రం. ఆకుల నడుమ ఉన్నదో లేదో తెలియదు. కాయలు గుత్తులుగా కాచి నల్లబడితే గబ్బిలాలు, కోకిలలు తింటాయి.

నిజమైన అశోక, సీతమ్మవారి అశోకవనం పేరుతో మనం ఎరిగినది, వేరు. దానిని శరాకా అశోకా అంటారు. అది చింతచెట్టుకు బంధువు. ఒక్కొక్క ఈనెకు అటూ ఇటూ మూడు నుండి ఆరు జతల చిట్టి ఆకులు ఉంటాయి. ఇక్కడొక చిక్కు. ‘ఇది ఒక ఆకా, అనేక ఆకులా’ అని పిల్లలు అడుగుతారు. ఆకు మొదట్లో, పుల్లను అంటుకునే మూలలో, చిన్న మొగ్గ ఉంటుంది. మొగ్గ ఎక్కడ ఉంటే అక్కడినుండే ఆకు మొదలు. కరివేపాకు రెమ్మలో చిట్టి ఆకుల మూలల్లో మొగ్గ ఉండదు, రెమ్మ మొదట్లోనే ఉంటుంది. కాబట్టి రెమ్మంతా ఒకే ఆకు. అశోక కూడా అంతే. దాని పూలు నారింజ, ఎరుపు రంగుల గుత్తులు, సువాసన గలవి, ముదురు కొమ్మల మీద కూడా పూస్తాయి. కాయ చదునైన కాయ. విచిత్రమేమంటే, నిజమైన అశోకలో కొమ్మలు వాలకపోయినా లేత చిగుళ్ళు రాగిరంగు కుచ్చుల్లా మెత్తగా కిందికి వేలాడి, ముదిరిన తరువాత నిటారవుతాయి.

స్త్రీ పాదతాడనంతో అశోకం పుష్పిస్తుందన్న కవిసమయాన్ని కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకంలో కథకు ఇరుసుగా వాడుకున్నాడు. అంతటి పేరుగల చెట్టు నేడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ప్రమాదానికి లోనైన జాతిగా నమోదై ఉన్నది. పట్ట కోసం చెట్లను ఒలవడం అందుకు ఒక కారణం. సరకు తగ్గితే కల్తీ పెరుగుతుంది కదా! నరమామిడి పట్టను అశోక పట్టగా అమ్మడం మూలికల వ్యాపారంలో పాత సంగతి. దక్షిణ భారత విపణుల నుండి సేకరించిన అశోక నమూనాలను డి.ఎన్.ఏ. పద్ధతిలో పరీక్షించి 2016లో ప్రచురించిన పరిశోధనలో సగానికి మించినవి అశోక కానే కావని తేలింది. దుకాణంలో కొన్నదే అట్లా ఉంటే, వాలిన కొమ్మను చూసి ఒలుచుకొచ్చిన పట్టను ఏమనాలి? ఎండిన పట్ట ముక్కను చూసి చెట్టును చెప్పడం సామాన్యులకు సాధ్యం కాదు. నెలనెలా రక్తం అధికంగా పోతున్నప్పుడు ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి రక్తహీనత ఎంత ఉన్నదో తెలుసుకోవలసిందే. కషాయం తాగదలచినవారు దానిని వైద్యుని ఎదుట చెప్పి తాగాలి.

ఇంకొక ప్రమాదం మేకలది. నివాస సముదాయాలలో కత్తిరించిన కొమ్మలను మేకలకు మేతగా మూట కట్టి పంపడం అక్కడక్కడ చూస్తున్నాము. సన్నాకు చెట్లన్నీ చూపుకు ఒకటే. పచ్చగన్నేరు ఆకు కూడా సన్ననిదే, దాని రెమ్మలూ కొంత వాలుతాయి. ఆకు తుంచగానే తెల్లని పాలు కారుతాయి. పూలు పసుపు గంటలు. దాని గింజ మొదలు ఆకు వరకు అంతా విషమే, మనిషికీ పశువుకూ. ఎర్రగన్నేరులో ఒక్కొక్క కణుపు వద్ద సాధారణంగా మూడేసి ఆకులు ఉంటాయి, అదీ విషమే. మూటలో ఒక్క గన్నేరు రెమ్మ కలిసినా చాలును. చెట్టు పేరు తెలియని మేతను మేకకు వేయకపోవడమే నా సలహా.

పాలు కారేదంతా విషమని కాదు. మర్రి, రావి కుటుంబంలోనే వాలు కొమ్మల అలంకార వృక్షం ఒకటి ఉన్నది, ఫైకస్ బెంజమీనా. చిన్న నిగనిగలాడే ఆకు, కొస సన్నగా సాగి ఉంటుంది, పాలు వస్తాయి. ఇక సరుగుడు మనకు కొత్త కాదు. సర్వి, చవుకు అని ఊరికొక పేరు, కన్నడంలో గాళి మర. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, కణుపులున్న సన్నని రెమ్మలు. కణుపు దగ్గర లాగితే ఊడివస్తాయి. బెంగళూరులో అరుదుగా పెరూ మిరియపు చెట్టు కూడా కనిపిస్తుంది. వేపవలె చిట్టి ఆకులు, నలిపితే మిరియాల ఘాటు, గులాబీరంగు గింజల గుత్తులు. అది మామిడి కుటుంబానిది.

సినిమాలలో, కాలెండరు బొమ్మలలో కొలను ఒడ్డున నీటిని తాకుతూ కనిపించే విల్లో చెట్టు కూడా ఇదే తికమకకు గురైనదే. క్రికెట్ బ్యాటు చేసే విల్లో దాని సోదరజాతి. వాలే విల్లోకు 1753లో లిన్నేయస్ మహాశయుడు సాలిక్స్ బాబిలోనికా అని, అనగా బాబిలోను చెట్టని పేరు పెట్టాడు. బైబిలులో బాబిలోను నదుల తీరాన చెప్పబడిన చెట్టు ఇదేనని ఆయన భావన. కాని ఈ విల్లో చైనా దేశపుది. బాబిలోను నదుల ఒడ్డునవి పాప్లర్ చెట్లని తరువాత తేలింది. అంతటి పండితుని విషయంలోనే అట్లా జరిగితే, నివాస సముదాయపు సూపర్‌వైజరును తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

మన ఊళ్ళలో నాటడానికి ఏది మంచిదని కొందరు అడుగుతున్నారు. బాటిల్ బ్రష్ అందమైనదే, వేళ్ళూనే వరకు నీరు పోయగలవారు పెరటిలో పెట్టుకోవచ్చును. నిజమైన అశోక తేమ, నీడ కోరే అడవి చెట్టు. దేవాలయపు బావి పక్కన తప్ప మన మెట్ట నేలలో కష్టం. నీడ కోసమైతే వేపను, కానుగను కాదని హూడి దాకా వెళ్ళనవసరం లేదు.

తెలియని చెట్టు ఎదురైతే ఒక్క ఆకు కాకుండా జానెడు రెమ్మను, దొరికితే పువ్వు, కాయలతో సహా, వార్తాపత్రిక మడతలో బరువు కింద ఆరబెట్టి, దగ్గరి కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులకు చూపవచ్చును. బెంగళూరులోనే ఉన్నవారు లాల్‌బాగ్‌లో పేరుపలకలున్న చెట్లతో పోల్చుకోవచ్చును. రెమ్మతోపాటు ఒక చీటీ వ్రాసి పెట్టండి: తుంచినప్పుడు పాలు వచ్చాయా, నలిపితే ఏ వాసన వచ్చింది, పువ్వు ఏ రంగు, చెట్టు ఎంత ఎత్తు. రెమ్మ ఎండిన తరువాత పాలు, రంగు కనిపించవు, వాసనా తగ్గిపోతుంది.